గంట మోగని ల్యాండింగ్

మూడో అంతస్తు, మా ఇల్లు
జూన్ 4

బాబాయ్‌కి,

ఫోను చేస్తే నీకు సగం వినపడదు, మిగతా సగం మీ కోడలు తనకు తోచినట్టు సర్ది చెబుతుంది. అందుకే ఉత్తరం. నలభై ఏళ్ళు విమానాలు బాగుచేస్తూ చెవులు ఆ ఇంజిన్ల దగ్గరే వదిలేసి వచ్చావు, ఇప్పుడు కళ్ళకైనా కాస్త పని చెప్పు.

నాన్న పోయి ఎనిమిది నెలలైంది. పోయిన వారం ఫ్లయింగ్ స్కూలు వాళ్ళు ఇంటికొచ్చారు. నాన్న చేసిన గంట కర్రని అద్దాల పెట్టెలో పెడతారట. అదే, చక్రాల కన్నా కిందకి వేలాడుతూ, నేల తగలగానే పైలట్ మోకాలి దగ్గరున్న ఇత్తడి గంటని మోగించే కర్ర. నేల ఎంత దూరంలో ఉందో, ఎప్పుడు విమానాన్ని మెల్లగా దించాలో తమ విద్యార్థులందరూ దాంతోనే నేర్చుకున్నారని చెప్పారు. పెట్టె పక్కన గోడకి ఆయన జీవితం గురించి ఒక పేజీ పెడతారు. అది నన్ను రాయమన్నారు. సెప్టెంబరు మొదటి ఆదివారం ప్రారంభం.

సగం పేజీ చకచకా వచ్చేసింది. పాలు పొంగబోతే ఈల వేసే గిన్నె మూత గురించి రాశాను. ఆ ఈల విని వీధి కుక్కలన్నీ మా వంటింటి కిటికీ కింద హాజరయ్యేవని కూడా రాశాను. వాన నీళ్ళని పిడిలోంచి బయటికి పంపే గొడుగు గురించి రాశాను, ఆ నీళ్ళు తిన్నగా పట్టుకున్నవాడి చొక్కా చేతిలోకి వెళ్ళేవన్నది మాత్రం దాచలేకపోయాను. "ఆయన చేసినవన్నీ పనిచేస్తాయే, కాకపోతే ఆ పనంతా నా నెత్తిన పడుతుంది" అని అమ్మ అనేది కదా, అదీ పెట్టాను.

ఆ తర్వాత ఆగిపోయాను బాబాయ్. మా హాల్లో ఫోటోలు నీకు గుర్తే. విమానం వెనక సీట్లో మంగలి. వెనక సీట్లో పోస్టుమాన్. మా హెడ్మాస్టరు. కళ్ళు గట్టిగా మూసుకుని మా పెద్దత్తయ్య. నోరు తెరిచి అడిగినవాళ్ళందర్నీ ఎక్కించుకున్నాడు. నన్ను ఒక్కసారి కూడా ఎక్కించుకోలేదు. అడిగితే ఏదో ఒక జోకు. "నీ ప్రశ్నల బరువుకి ఇది లేవదు ఇన్‌స్పెక్టర్" అనేవాడు.

ఇప్పుడు నాకు నలభై ఒకటి. ఆయన పెట్టిన పేరు నిలబెట్టి నిజంగానే లిఫ్టుల ఇన్‌స్పెక్టర్ని అయ్యాను. జనాన్ని పైకి ఎక్కించవచ్చో లేదో రోజూ సంతకం పెడుతుంటాను. కానీ మా నాన్న నన్ను పైకి ఎందుకు తీసుకెళ్ళలేదో నాకే తెలియదు. ఊరందరూ చెప్పగలిగేదే రాయడానికి కూతురెందుకు? అది తెలిసేదాకా ఆ పేజీ ముట్టుకోను. ముప్పై ఏళ్ళకి పైగా ఆయన పక్కనే ఉన్నావు. నీకు తెలుసు. చెప్పు.

నీ ఇన్‌స్పెక్టర్


ఫ్యాన్ల షాపు, వెనక గది
జూన్ 15

ఇన్‌స్పెక్టరమ్మా,

ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అందరం బాగానే ఉన్నాం. నీ ఉత్తరం మా కోడలు లాక్కుని ముందు తనే చదివింది. కుక్కల దగ్గర నవ్వింది, తన గురించి రాసిన దగ్గర నవ్వలేదు.

మీ నాన్న గురించి అడిగావు కాబట్టి చెబుతా, రాసుకో. నేను ఉద్యోగానికి వెళ్ళినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఆయన రెక్క మీద కూచుని బ్రెడ్డు తింటున్నాడు. "ఒరేయ్, నట్టు ఎంతదాకా తిప్పాలి?" అన్నాడు. బిగుసుకునేదాకా అన్నాను. "బిగుసుకుందని ఎలా తెలుస్తుంది?" అన్నాడు. నాకు భయమేసి, "ఇంకో తిప్పు తిప్పితే విరుగుతుంది కద సార్" అన్నాను. బ్రెడ్డు గొంతులో అడ్డం పడేలా నవ్వాడు. "విరగడానికి ఒక్క తిప్పు ముందు ఆగేవాడి కోసమే వెతుకుతున్నా. మా ఇంట్లో కూడా ఎవరూ లేరు" అని ఉద్యోగం ఇచ్చేశాడు.

పోస్టుమాన్‌ని ఎక్కించుకున్న రోజు గాల్లో ఇంజిన్ ఆగిపోయింది. ఆ పోస్టుమాన్ నాతో స్వయంగా చెప్పాడు. మీ నాన్న వెనక్కి తిరిగి, "ఇంజిన్ టీ తాగడానికి వెళ్ళిందండీ, అది వచ్చేలోపు మనం దిగిపోదాం" అన్నాడట. బంతాట ఆడుతున్న మైదానంలో దించాడు. పిల్లలందరూ పరిగెత్తి పారిపోయారు. ఈయన దిగి, టోపీ తీసి, "స్కోరెంత?" అని అడిగాడు.

ఇలాంటివి వంద ఉన్నాయి. నువ్వు అడిగిన ఆ ఒక్కటీ పెద్ద విషయమేం కాదమ్మా. ఆయనకి ఎప్పుడూ పనే. తీరిక కుదిరి ఉండదు. నువ్వు ఆ ఈల గిన్నె గురించి ఇంకాస్త రాయి, జనానికి నచ్చుతుంది.

అమ్మని అడిగానని చెప్పు.

బాబాయ్


మూడో అంతస్తు
జూన్ 27

బాబాయ్,

మంగలికి తీరిక కుదిరింది. హెడ్మాస్టరుకి కుదిరింది. నాకు కుదరలేదు! నన్ను ఇంకా చిన్నపిల్లననుకుంటున్నావా?

నా ఉద్యోగంలో ఒక సంగతి నేర్చుకున్నాను. లిఫ్టు ఆపరేటరు అన్నిటికీ గలగలా జవాబు చెబుతూ ఒక్క దగ్గర నీళ్ళు నమిలాడంటే, లోపం అక్కడే ఉంటుంది. నువ్వు నాలుగు పేజీలు రాసి నా ప్రశ్నకి నాలుగు ముక్కల్లో తప్పించుకున్నావు.

నేనే ఒకటి చెబుతా విను. ఇది అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. నా పదో పుట్టినరోజు నీకు గుర్తుందా? ఆ రోజు నాన్న తనంతట తనే "పద ఇన్‌స్పెక్టర్" అన్నాడు. కొత్త బూట్లు వేసుకుని ఎయిర్‌ఫీల్డు గేటు దగ్గర నిలబడ్డాను. ముందు తను ఒక్కడే ఒక చుట్టు తిరిగొచ్చి నన్ను ఎక్కించుకుంటానన్నాడు. వెళ్ళాడు, తిరిగి దిగాడు. విమానం నేలకి గట్టిగా కొట్టుకుని బంతిలా ఎగిరి, చక్రం కాలు విరిగి, రెక్క మీద పడి, గడ్డిలో గుండ్రంగా తిరిగింది. నేను అదేదో ఆట అనుకుని చప్పట్లు కొట్టాను. నాన్న నడుచుకుంటూ గేటు దాకా వచ్చాడు. "దీనికి కాలు బెణికింది, ఇంకో రోజు" అన్నాడు. ఆ ఇంకో రోజు రాలేదు. ఆయన మళ్ళీ విమానం నడపనే లేదు. ఆ ఫ్లయింగ్ స్కూలు వర్క్‌షాపుకి మారిపోయాడు.

ఆ సాయంత్రం పెద్దత్తయ్య నన్ను పక్కకి పిలిచి, "నువ్వు పేచీ పెట్టి వెళ్ళబట్టే ఇదంతా. నీ వల్లే మీ నాన్న మానేశాడు" అంది. ఏదో నోటి దురుసుకి అంది, పాపం ఆవిడా పోయింది. కానీ ఆ మాట నాతోనే పెరిగింది బాబాయ్. ఆయన నవ్వుతూ మాట్లాడే ప్రతిసారీ, మనసులో నన్ను తిట్టుకుంటున్నాడేమో అనుకునేదాన్ని.

ఇంకొకటి. స్కూలు వాళ్ళు గంట కర్ర డ్రాయింగు పంపారు. దాని మీద నాన్న చేతిరాతలో తేదీ ఉంది. స్కూల్లో విద్యార్థుల కోసం వాడటం మొదలుపెట్టింది దానికి నాలుగేళ్ళ తర్వాత. వాళ్ళు గోడ మీద "విద్యార్థుల మేలు కోసం కనిపెట్టినది" అని రాయమంటున్నారు. విద్యార్థులు వాడకముందు నాలుగేళ్ళు అది ఎవరి కోసం?

నీ ఇన్‌స్పెక్టర్


ఫ్యాన్ల షాపు
జులై 6

అమ్మాయికి,

పోయినవాళ్ళ జేబులు వెతక్కూడదు. మంచి పేరుతో వెళ్ళిపోయాడు, ఆ పేరు అలాగే ఉండనివ్వు. స్కూలు వాళ్ళు ఏం రాయమంటే అది రాయి. వాళ్ళకి సంతోషం, నీకూ శ్రమ తప్పుతుంది.

షాపులో పని ఉంది, ఇక ఎక్కువ రాయలేను.

బాబాయ్

మీ అత్తయ్య అలా అన్నట్టు నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ రోజే ఆవిడతో పోట్లాడేవాణ్ణి. అది నమ్మకు.


మూడో అంతస్తు
జులై 30

బాబాయ్,

నీ ఉత్తరం చూసి మూడు వారాలు నేనూ అలిగాను. "జేబులు వెతక్కు" అంటావా, నేనేమైనా పరాయిదాన్నా అనుకున్నాను. తర్వాత కోపం పోయి దిగులు పట్టుకుంది. నువ్వు నన్ను ఎప్పుడూ "అమ్మాయి" అని పిలవలేదు.

నిన్న అమ్మకి మందులిస్తూ గ్లాసులో నీళ్ళు పోస్తున్నాను. కొంచెం కింద ఒలికాయి. "అచ్చం మీ నాన్నే" అంది. ఏమిటన్నాను. "ఎప్పుడు పోసినా గ్లాసు పక్కనే పోసేవాడు. గ్లాసు అంచుకి జగ్గు ఆనించి పోయండీ అని నేనే నేర్పాను" అంది. ఎప్పటినుంచి అని అడిగితే, "నీకు ఆరేళ్ళప్పటినుంచి" అని, ఇంకేదో చెప్పబోయి మందు మింగేసింది.

నేను హాల్లోకెళ్ళి గోడ మీద ఫోటోలన్నీ దించాను. వెనక రాసిన తేదీలు చూశాను. మంగలి, పోస్టుమాన్, హెడ్మాస్టరు, అత్తయ్య, అందరూ నాకు ఆరేళ్ళు నిండకముందే ఎక్కారు. ఆ తర్వాత ఎవ్వరూ ఎక్కలేదు.

ఆయన కంటికి ఏమైంది బాబాయ్? ఇప్పుడు తనిఖీకి అడగడం లేదు, తీర్పు చెప్పడానికి అంతకంటే కాదు. నాన్న పోయాక ఆయన గురించి ఇంకా అడగగలిగే మనిషివి నువ్వొక్కడివే మిగిలావు. నువ్వు కూడా చెప్పకపోతే నేను ఆయన్ని పూర్తిగా పోగొట్టుకున్నట్టే.

నీ ఇన్‌స్పెక్టర్


ఫ్యాన్ల షాపు, వెనక గది
ఆగస్టు 11

ఇన్‌స్పెక్టరమ్మా,

సరే. కోడల్ని పుట్టింటికి పంపి కూచున్నాను. ఇది ఆవిడ చదవక్కర్లేదు.

నీకు ఆరేళ్ళప్పుడు మీ నాన్న సానరాయి మీద గొడుగు పిడి అరగదీస్తుండగా ఇనుప ముక్క లేచి ఎడమ కంట్లో పడింది. కళ్ళద్దాలు నుదుటి మీద పెట్టుకుని పనిచేస్తున్నాడు. వాటిని కిందికి దించమని లోకానికంతా చెప్పే మనిషి! కన్ను చూడ్డానికి బాగానే ఉండేది కానీ దాంట్లో వెలుతురు తప్ప ఏమీ ఆనేది కాదు. "చావు తప్పి కన్ను లొట్టపోయిందని సామెత వింటుంటే ఎవడికో అనుకున్నా" అని ఆసుపత్రి మంచం మీద నవ్వాడు. నేను ఏడుస్తుంటే, "నాకింకోటుంది కదరా, దాన్ని భయపెట్టకు" అన్నాడు.

ఒంటి కన్నుతో దూరంగా ఉన్నవి తెలుస్తాయి, దగ్గరకొచ్చినవి ఎంత దూరంలో ఉన్నాయో మాత్రం సరిగ్గా తెలియదు. నేల ఇంకా పదడుగులుందో రెండడుగులుందో చివరి క్షణంలో అందదు. అందుకే నీళ్ళు గ్లాసు పక్కన పడేవి. ఆ సంగతి ఆఫీసులో చెబితే లైసెన్సు పోతుంది. ఎగరకుండా బతకడం ఆయనకి చేతకాదు. అందుకే ఆ గంట కర్ర చేసుకున్నాడు. మొదట సైకిలు గంట పెట్టాడు, వినపడలేదు. తర్వాత ఇత్తడి గంట. టంగ్‌మంటే నేల వచ్చినట్టే, అప్పుడు ముక్కు ఎత్తేవాడు. నాలుగేళ్ళు ఒక్క ల్యాండింగూ తప్పలేదు. "నా ఎడమ కన్ను ఇప్పుడు మోకాలి దగ్గరుంది" అనేవాడు. నువ్వడిగిన నాలుగేళ్ళు అవేనమ్మా. అది ఏ విద్యార్థి కోసమూ చెయ్యలేదు.

ఏటేటా డాక్టరు దగ్గర కంటి పరీక్ష ఉండేది, ముందు ఎడమ కన్నుతోనే చదివించేవాడు. ఆ పలక మీద అక్షరాలు ఆయనకి కంఠతా. ఒక ఏడు పలక మార్చారు. నేను బరువు చూసుకునే వంకతో లోపలికెళ్ళి అక్షరాలన్నీ అరచేతిలో రాసుకొచ్చి చూపించాను. చెమటకి ఒక అక్షరం చెదిరింది. ఈయన అది తప్పు చదివాడు. డాక్టరు "ఒకటి తప్పారు" అంటే, "రాసినవాడి చేతిరాత బాగాలేదండీ" అన్నాడు. డాక్టరు నవ్వి సంతకం పెట్టేశాడు. ఇది మోసమే. నేను కాదనను. నువ్వు ఆయన్ని మోసగాడనుకుంటావనే ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు.

కానీ ఒకటి గుర్తుంచుకో. కన్ను పోయాక ఆయన ఒక్క మనిషినీ ఎక్కించుకోలేదు. తపాలా సంచులు మోసేవాడు. "సంచులకి పెళ్ళాం పిల్లలుండరు" అనేవాడు. నేను మాత్రం వద్దన్నా వినకుండా అప్పుడప్పుడు ఎక్కి కూచునేవాణ్ణి. దించేదాకా తిట్టేవాడు.

నువ్వు ఆ నాలుగేళ్ళూ ఆయన బుర్ర తిన్నావు. నీకు పదేళ్ళు రాబోతుండగా ఒకరోజు అన్నం ముందు కూచుని, "అందరూ నీకు ఏదో అవుతారు, నేను నీకేమీ కానా నాన్నా?" అన్నావట. మర్నాడు షెడ్డుకొచ్చి చాలాసేపు గంటకేసి చూశాడు. "నాలుగేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు కదరా?" అన్నాడు. తప్పలేదు కెప్టెన్ అన్నాను. అలా ఒప్పుకున్నాడు. నీకు తెలియకుండా వెనక సీటు అంచున ఎర్ర రంగుతో "ఇన్‌స్పెక్టర్" అని రాయమన్నాడు. నేనే రాశాను. మూడు పూతలు వేశాను.

ఇక్కడే ఉంది నా పాపం. రంగు వేస్తూ విమానం కింద దూరుతుంటే నా వీపు తగిలి ఆ కర్ర కదులుతుంది, కదిలినప్పుడల్లా గంట మోగుతుంది, మోగినప్పుడల్లా మీ నాన్న "ఎవడ్రా దిగింది?" అని ఆఫీసులోంచి కేకేస్తాడు. విసుగొచ్చి గంట నాలుకకి ఒక గుడ్డ చుట్టి కట్టేశాను. రంగు ఆరింది. గుడ్డ విప్పడం మర్చిపోయాను.

అది మోగలేదమ్మా. మోగుతుందని ఆయన ఎదురుచూస్తూనే నేలకి కొట్టుకున్నాడు.

నేను పరిగెత్తుకెళ్ళేసరికి ఆయన అవతలి వైపు నుంచి దిగి నవ్వుతూ నీ దగ్గరకి నడుస్తున్నాడు. నేను లోపలికి వంగి గుడ్డ విప్పి జేబులో పెట్టుకున్నాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. విచారణకి వచ్చినవాళ్ళు "పైలట్ ఎత్తు అంచనా తప్పాడు" అని రాసుకెళ్ళారు. ఈయన కిమ్మనలేదు. కన్నుతో పాటు చెవి కూడా మోసం చేసిందనుకుని విమానం వదిలేశాడు. అదంతా నా గుడ్డముక్క వల్ల. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు ఆయన పక్క బల్ల మీదే పనిచేశాను. రోజూ చెబుదామనుకుని రోజూ మానేశాను. ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు కూడా చెప్పలేదు. "ఏంట్రా, నట్టు మింగినవాడిలా ఉన్నావ్?" అన్నాడు.

నువ్వు పేచీ పెట్టడం వల్ల కాదు. మీ నాన్న ఎగరకుండా పోయింది నా వల్ల. నీ ప్రయాణం పాడుచేసిందీ నేనే. ఇక నువ్వు నన్ను బాబాయ్ అని పిలవకపోయినా నేనేమీ అనుకోను.


మూడో అంతస్తు
ఆగస్టు 24

బాబాయ్, బాబాయ్, బాబాయ్,

మూడుసార్లు పిలిచాను, చాలా?

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. ముందు నాకోసం, వెనక సీటు అంచున నా పేరు ఉందని నలభై ఒకటో ఏట తెలిసినందుకు. తర్వాత నీకోసం. నీ మీద కోపం వస్తుందేమోనని వెతుక్కున్నాను కానీ దొరకలేదు. అమ్మకి మొత్తం చదివి వినిపించాను. కన్ను సంగతి ఆవిడకి తెలుసు, గుడ్డ సంగతి తెలియదు అనుకున్నాను. నేను "గుడ్డ" అనగానే చెయ్యెత్తి ఆగమంది. లోపలికెళ్ళి కుట్టు మిషను సొరుగులోంచి ఒక నల్ల నోటుబుక్కు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. ఆయన ఎగిరిన రోజుల్లో ప్రతి ల్యాండింగుకీ తనే మార్కులు వేసుకునే పుస్తకమట.

"ఇన్నాళ్ళూ ఎందుకివ్వలేదమ్మా?" అన్నాను.

"నీకిమ్మని ఆయన చెప్పలేదు. ఇవ్వొద్దనీ చెప్పలేదు. నువ్వూ అడగలేదు" అంది. "మీ బాబాయ్ పిచ్చివాడు, ముప్పై ఏళ్ళు దీన్ని మోస్తున్నాడని నాకేం తెలుసు? తెలిస్తే అప్పుడే చెప్పి తిట్టేదాన్ని" అని తనూ కళ్ళు తుడుచుకుంది.

ఆఖరి పేజీ నా పుట్టినరోజుది. ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను. కూచుని చదువు.

"గంట మోగలేదు. ఆగాక వంగి చూశాను. నాలుకకి గుడ్డ. మనవాడే, రంగు పని కోసం కట్టి ఉంటాడు. ముట్టుకోకుండా అవతలి వైపు నుంచి దిగిపోయాను. వెనక్కి చూస్తే వాడు విప్పి జేబులో కుక్కుకుంటున్నాడు. పాపం, మొహం సున్నం కొట్టినట్టుంది. నేను చూశానని వాడికి చెప్పను. చెబితే, కెప్టెన్, తప్పు గుడ్డది, మీది కాదు, రేపు మళ్ళీ ఎక్కండి అంటాడు. నేను ఎక్కుతాను కూడా. నా భయం అదే. ఇవాళ గుడ్డ, రేపు ఇంకోటి. గంట ఒక్కసారి మోగకపోతే నేల కనపడనివాడు పిల్లని ఎక్కించుకుంటానని ఎలా మాటిచ్చాడు? ఇక చాలు. వాడు రెండు రోజులు బాధపడి మర్చిపోతాడు.

పిల్ల గేటు దగ్గర చప్పట్లు కొట్టింది.

ల్యాండింగుకి మార్కులు: కాలు విరిగింది, రెక్క వంగింది, వెనక సీటు ఖాళీ. ఇంతకంటే మంచి ల్యాండింగు నా జన్మలో చెయ్యలేదు."

అంతే బాబాయ్. ఆ తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి.

ఆ గోడ మీద ఇదంతా నిజంగా రాయనా? ఆ కన్ను, ఆ పలక, అంతా? నువ్వు వద్దంటే రాయను. నీకు సంబంధించినది కూడా కదా.

నీ ఇన్‌స్పెక్టర్


ఫ్యాన్ల షాపు
ఆగస్టు 29

ఇన్‌స్పెక్టరమ్మా,

రెండు రోజుల్లో మర్చిపోతానట! చూశావా ఆ మనిషి లెక్క! ఇంజిన్ల దగ్గర వెంట్రుకవాసి తేడా రానివ్వడు, నా దగ్గర ముప్పై ఒక్కేళ్ళు తేడా చేశాడు. బతికుంటే ఇవాళే బస్సెక్కి వచ్చి ఆ జుట్టు పట్టుకుందును. ఆయన నా దగ్గర దాచాడు, నేను ఆయన దగ్గర దాచాను, పక్కపక్క బల్లల మీద ఇద్దరం పెద్దమనుషుల్లా ఈలలు వేసుకుంటూ కూచున్నాం. ఇంతకంటే వెధవలు ఎక్కడైనా ఉంటారా?

నీ ఉత్తరం షాపు ముందు నిలబడే చదివాను, కూచోమన్నావు కానీ ఆగలేకపోయాను. ఎదురుగా ఒకాయన టేబులు ఫ్యాను పట్టుకుని ఉన్నాడు. నా మొహం చూసి, "అంత పాడైపోయిందా అండీ?" అన్నాడు బెంగగా. ఏడుస్తూనే నవ్వాను. అది ఊరికే బాగుచేసి పంపించాను.

రాయి తల్లీ, అంతా రాయి. ఆ కర్ర ఒక పైలట్ తన పోయిన కన్నుకి బదులు చేసుకున్నాడని రాయి. డాక్టరుని ఏమార్చాడని రాయి, అరచేతిలో అక్షరాలు రాసినవాణ్ణి నేనని రాయి. గుడ్డ కట్టినవాడెవడని ఆ స్కూలు కుర్రాళ్ళు అడిగితే నన్ను చూపించు. ఆదివారం పొద్దున్నే వచ్చి ఆ పెట్టె పక్కనే నిలబడతాను. వాళ్ళకి పనికొచ్చే సంగతి అదే, గొప్పలు చెబితే ఏం వస్తుంది?

ఒక్క మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. మీ అత్తయ్య మాట నమ్మొద్దని రాశాను. ఆవిడకి తెలియక అన్నా అది నిజమేనమ్మా. మీ నాన్న మానేసింది నీ వల్లే. నా గుడ్డ వల్లయితే విమానం బాగవగానే మళ్ళీ ఎక్కేవాడు. ఆ వెనక సీట్లో నిన్ను ఊహించుకున్నాడు, ఇక ఎక్కలేకపోయాడు. తర్వాత ఏళ్ళ తరబడి, ఆకాశంలో విమానం చప్పుడైతే తలెత్తి చూడటం నేను చూశాను. బాధపడటం మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

నువ్వు ఆగిపోయిన చోట అదే రాయి. ఊరందర్నీ ఎక్కించుకున్నాడు, కూతురి కోసం దిగిపోయాడు.

బాబాయ్